ఆటకీ పాటకీ ఒకే హెడ్‌ఫోన్

ఒరేయ్,

నీ మెసేజ్ చూశాను. "గేములకీ పాటలకీ కలిపి ఒకే హెడ్‌ఫోన్ చెప్పు, రెండు ముక్కల్లో తేల్చెయ్" అన్నావు. ఇది రెండు ముక్కల్లో తేలేది కాదురా. ఫోన్‌లో చెబితే సగం విని "సరే సరే" అంటావు, నాకు తెలుసు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

నేను మొదట కొన్న గేమింగ్ హెడ్‌సెట్ నీకు గుర్తుండే ఉంటుంది. కప్పులకి రంగురంగుల లైట్లు, పెట్టె మీద ఇంత లావు అక్షరాలతో "7.1 సరౌండ్" అని, అంటే చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తుందని. మొదటి వారం ఆ బాంబుల మోతకే మురిసిపోయాను. తర్వాత ఒక రాత్రి నువ్వు "మెట్ల మీద ఉన్నాడు, మెట్ల మీద ఉన్నాడు" అని అరుస్తుంటే నాకు అడుగుల చప్పుడే అందలేదు. పక్క వీధిలో గ్రెనేడ్ పేలినప్పుడల్లా మిగతా శబ్దాలన్నీ దాని కింద కప్పబడిపోయేవి. నా చెవులే మందం అనుకున్నాను. అదే హెడ్‌సెట్‌లో పాట పెడితే గొంతు బావి అడుగు నుంచి వచ్చినట్టుండేది. ఎనిమిదో నెలలో కుడి కప్పు దగ్గర ప్లాస్టిక్ చీలింది. టేపు చుట్టి కొన్నాళ్లు లాగాను.

ఆ రోజుల్లోనే మా బాబాయి కొడుకు గదికి వెళ్లాను. వాడు పాటలు రికార్డ్ చేస్తుంటాడు కదా. బల్ల మీద సోనీ ఎండీఆర్-7506 హెడ్‌ఫోన్ ఉంది. 1991లో వచ్చిన మోడల్ అది, ఇప్పటికీ స్టూడియోల్లో వాడుతూనే ఉన్నారు. లైట్లు లేవు, మైక్ లేదు, టెలిఫోన్ తీగలాగా మెలికలు తిరిగిన వైరు. పెట్టుకుని నాకు కంఠతా వచ్చిన పాట ఒకటి వేశాను. చరణం ఎత్తుకునే ముందు పాడే ఆవిడ ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. అన్నేళ్లుగా వింటున్న పాటరా అది, ఆ ఊపిరి అందులో ఉందని నాకు ఆ రోజే తెలిసింది. సాయంత్రం అదే హెడ్‌ఫోన్ గేముకి తగిలించాను. అదే మ్యాప్, అవే మెట్లు. ముందు చెక్క మీద అడుగులు, ఆ తర్వాత రాతి మీద అడుగులు, తేడా స్పష్టంగా తెలుస్తోంది. దాని మీద గేమింగ్ అన్న మాట ఎక్కడా లేదు.

అప్పటి నుంచి నా మాట ఒకటే. పాట బాగా వినిపించే హెడ్‌ఫోనే గేముకి కూడా మంచిది. గేమింగ్ అని పేరు పెట్టినవన్నీ చెత్త అని కాదు. బాగా పేరు తెచ్చుకున్న హైపర్‌ఎక్స్ క్లౌడ్ అనే గేమింగ్ హెడ్‌సెట్ సంగతే తీసుకో. దాని అస్థిపంజరం టాక్‌స్టార్ ప్రో 80 అనే మానిటర్ (స్టూడియోలో వాడే రకం) హెడ్‌ఫోన్‌ది, అంటే అక్కడా మూలం పాటల హెడ్‌ఫోనే.

బేస్, అంటే కింది స్థాయి మోత గురించి కాస్త ఓపిగ్గా విను, ఎందుకంటే అందరూ మోసపోయేది ఇక్కడే. మన చెవి తత్వం ఏమిటంటే, గట్టిగా మోగే కింది స్థాయి శబ్దం తనకంటే పైన ఉన్న సన్నటి శబ్దాల్ని మింగేస్తుంది. పైవి కిందివాటిని అంతగా మింగవు. అడుగుల చప్పుడు, తుపాకీలో గుళ్లు నింపే క్లిక్కు, తలుపు కిర్రుమనడం, వీటిని గుర్తుపట్టించే వివరమంతా మధ్య స్థాయిలోనూ పైనా ఉంటుంది. బేస్ విపరీతంగా పెంచి పెట్టిన హెడ్‌సెట్‌లో పేలుళ్లు గుండెకి తగులుతాయి గానీ, నిన్ను చంపడానికి వచ్చేవాడి అడుగులు అందవు. పాటలోనూ అంతే. మృదంగం తొప్పి వైపు మోత గది నిండా పరుచుకుంటే కుడి వైపు వలంతల మీద వేళ్లు ఆడిన పని వినిపించదు. బేస్ ఉండాలి, కానీ దెబ్బ పడి ఆగిపోవాలి. వెనకాల సాగుతూ ఉండకూడదు.

ఇక 7.1 మాట. ఎన్ని అంకెలు రాసినా, మామూలు హెడ్‌సెట్‌లో ఒక్కో కప్పులో ఉండే డ్రైవర్, అంటే శబ్దం పుట్టించే చిన్న స్పీకర్, ఒక్కటే. మనకున్న చెవులూ రెండే. కుడి వైపు శబ్దం కుడి చెవికి ఒక్క క్షణం ముందు చేరుతుంది. ఆ తేడా సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు, అయినా మెదడుకి అది చాలు. పైన, కింద, వెనక అనేవి చెవి డొప్ప మడతల్లో శబ్దం రంగు మారడాన్ని బట్టి తెలుస్తాయి. ఈ మార్పులన్నీ లెక్కగట్టి రెండు ఛానెళ్లలోనే ఇమిడ్చే పద్ధతికి హెచ్‌ఆర్‌టీఎఫ్ అని పేరు. వాలరెంట్ గేము సెట్టింగ్స్‌లో ఆ పేరుతోనే ఆప్షన్ ఉంటుంది, చూడు. అంటే దిక్కు చూపించే పని గేము చేస్తుంది. హెడ్‌ఫోన్ పని దాన్ని చెడగొట్టకుండా చెవికి చేర్చడం. నువ్వు గేములోనూ ఆన్ చేసి, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌లోనూ సరౌండ్ ఆన్ చేశావనుకో, ఒకే పని రెండుసార్లు జరిగి అంతా కలగాపులగం అవుతుంది. ఏదో ఒక్కటే ఉంచు. పాట పెట్టేటప్పుడు రెండూ ఆపెయ్. పాటని స్టీరియోలో కలిపినవాళ్లు గొంతుని ఎక్కడ నిలబెట్టారో అక్కడే వినాలి. నా పాత హెడ్‌సెట్‌లో గొంతు బావిలోంచి వచ్చింది ఆ సరౌండ్ వల్లేనని చాలా ఆలస్యంగా తెలిసింది నాకు.

ఇప్పుడు అసలు తేల్చుకోవాల్సింది: ఓపెన్ బ్యాకా, క్లోజ్డ్ బ్యాకా?

ఓపెన్ బ్యాక్ అంటే కప్పు వెనక మూత ఉండదు, జాలీ ఉంటుంది. క్లోజ్డ్ బ్యాక్ అంటే వెనక పూర్తిగా మూసి ఉంటుంది. సెన్‌హైజర్ వాళ్లు 1968లో తెచ్చిన హెచ్‌డీ 414తో మొదలైంది ఈ ఓపెన్ పద్ధతి. గాలి ఆడుతుంది కాబట్టి చెవులు ఉడకవు, శబ్దం తలలో ఇరుక్కుపోకుండా కాస్త దూరంగా, విశాలంగా పరుచుకున్నట్టు ఉంటుంది. మా బాబాయి కొడుకు దగ్గర హెచ్‌డీ 600 కూడా ఉంది, 1997 నాటి మోడల్. అందులో వయొలిన్ విన్నప్పుడు కమాను తీగ మీద రాసుకునే గరుకు తెలిసింది. పక్కన మనిషి కూర్చుని వాయిస్తున్నట్టుంది. గేములోనూ ఎంత దూరంలో ఉన్నాడన్నది బాగా అంచనాకి వస్తుంది. కానీ బయటి శబ్దాలన్నీ లోపలికి వస్తాయి, నీ శబ్దమంతా బయటికి పోతుంది. నీ గదిలో నీ తమ్ముడు పడుకుంటాడు. నెత్తిన ఫ్యాను గిర్రున తిరుగుతుంటుంది. నువ్వు అర్ధరాత్రి దాకా ఆడతావు. ఓపెన్ బ్యాక్ పెట్టావంటే వాడికి నీ యుద్ధమంతా సన్నగా వినిపిస్తూనే ఉంటుంది, నీకేమో ఫ్యాను హోరు. నువ్వు ఒంటరిగా ఉండుంటే కళ్లు మూసుకుని ఓపెన్ బ్యాకే కొనమనేవాణ్ణి. ఇప్పుడున్న స్థితిలో క్లోజ్డ్ బ్యాకే నీకు సరైంది.

క్లోజ్డ్ అనగానే నీ కళ్లజోడు గుర్తొచ్చింది. కప్పు చెవి చుట్టూ మూసుకుంటేనే బేస్ నిలుస్తుంది. కళ్లజోడు కాడ కింద చిన్న సందు ఏర్పడితే చాలు, బేస్ అందులోంచి జారిపోతుంది. ఇంట్లోనే చూసుకోవచ్చు. నీ దగ్గరున్న ఏ హెడ్‌ఫోనైనా పెట్టుకుని పాట నడుస్తుండగా కళ్లజోడు మెల్లగా తీసెయ్, మళ్లీ పెట్టుకో. తేడా నీకే తెలుస్తుంది. ఇంకోటి, బిగుతు ఎక్కువైతే కాడ కణత మీద నొక్కుతుంది. పది నిమిషాలు ఏమీ అనిపించదు, గంటకి తలనొప్పి. అందుకే ప్యాడ్ మెత్తగా, లోతుగా ఉండాలి. వెల్వెట్ లాంటి బట్ట ప్యాడ్లయితే కాడ చుట్టూ సర్దుకుంటాయి, చెమట కూడా తక్కువ. రెగ్జిన్‌వి బయటి శబ్దాన్ని ఇంకొంచెం బాగా ఆపుతాయి గానీ, వాడగా వాడగా పొట్టు రాలి చెవుల మీద నల్లగా అంటుకుంటుంది. ప్యాడ్లు విడిగా దొరికే మోడలే చూసుకో. ముందు పాడయ్యేవి అవే.

వైర్‌లెస్ కావాలన్నావు. వైర్‌లెస్‌లో రెండు రకాలున్నాయి, వాటి మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. యూఎస్‌బీ డాంగిల్‌తో (కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్క) 2.4 గిగాహెర్ట్జ్‌లో నడిచేవి గేముకి బాగానే ఉంటాయి, ఆలస్యం తెలియదు. మామూలు బ్లూటూత్ అలా కాదు. నువ్వు ట్రిగ్గర్ నొక్కాక చప్పుడు సెకనులో ఐదో వంతు దాకా వెనకబడి రావచ్చు. పాటకి అది పట్టింపు లేదు, గేములో పెద్ద నష్టం. అంతకంటే ఘోరం మైక్ ఆన్ చేసినప్పుడు జరుగుతుంది. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో మైక్ మొదలవగానే కంప్యూటర్ దాన్ని ఫోన్‌కాల్ పద్ధతిలోకి మార్చేస్తుంది. స్టీరియో పోయి మోనో అవుతుంది, అంటే రెండు చెవులకీ ఒకటే శబ్దం, శబ్దం పాత టెలిఫోన్ స్థాయికి దిగుతుంది. పోయిన నెల నువ్వు "మాట్లాడటం మొదలుపెట్టగానే గేము సౌండ్ పాడైపోతోంది" అని సెట్టింగ్స్ అన్నీ వెతికావే, కారణం ఇదే. నీ కంప్యూటర్ తప్పేమీ లేదు. నువ్వు కుర్చీలోంచి లేవకుండా ఆడేవాడివి, నీకు వైరే మేలు. ఛార్జింగ్ గొడవ ఉండదు, బ్యాటరీ చచ్చిపోయి హెడ్‌ఫోన్ మూలపడటమూ ఉండదు.

ఓమ్స్, అంటే హెడ్‌ఫోన్ కరెంటుకి చూపించే అడ్డు (ఇంపెడెన్స్) కొలత, దాని గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. కొన్నిసార్లు ఒకే మోడల్ రెండు మూడు ఇంపెడెన్స్‌లలో వస్తుంది. 250, 300 ఓమ్స్ వాటిని ఫోన్‌కి గుచ్చితే తరచూ నీరసంగా పలుకుతాయి, వాటికి యాంప్ (శబ్దానికి బలమిచ్చే యాంప్లిఫయర్) ఉంటే మంచిది. 80 దాకా ఉన్నవి చాలావరకు కంప్యూటర్‌తోనే నడుస్తాయి. సెన్సిటివిటీ, అంటే ఎంత తక్కువ కరెంటుతో ఎంత గట్టిగా పలుకుతుందో కూడా చూడాలి గానీ, నేను కింద చెప్పే రెండింటికీ నీకు ఆ బెంగ అక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల డ్రైవర్, 40 కిలోహెర్ట్జ్ దాకా పలుకుతుంది లాంటివి చదివి పొంగిపోకు. మనిషి చెవి అందుకునేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్, వయసు పెరిగేకొద్దీ అదీ తగ్గుతుంది.

మైక్ విడిగా కొనుక్కో. హెడ్‌సెట్‌లో మైక్ పోతే చాలాసార్లు మొత్తం పోయినట్టే. చొక్కాకి క్లిప్పులా పెట్టేది గానీ, బల్ల మీద పెట్టే యూఎస్‌బీది గానీ చాలు. నోటికి దగ్గరగా ఉంచు, మీ ఫ్యాను మాకు వినపడకుండా ఉంటుంది.

ఇది మాత్రం కోపంగానే రాస్తున్నాను. మొన్న ఆట అయ్యాక చెవిలో గుయ్ మంటోందన్నావు. నువ్వు తేలిగ్గా అన్నావు, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది, ఇంకో మూడు పెరిగితే అందులో సగం. నువ్వు రోజుకి ఐదు గంటలు ఆడతావు, ఆ పైన పాటలు. చెవిలో పోయిన సన్నటి వెంట్రుక కణాలు మళ్లీ మొలవవురా. ఫ్యాను హోరుని మించి వినాలని నువ్వు వాల్యూమ్ పెంచుతున్నావు, అందుకే క్లోజ్డ్ బ్యాక్ అని ఇంత పట్టుబడుతున్నాను. బయటి శబ్దం కొంత తగ్గితే వాల్యూమ్ దానంతటదే తగ్గుతుంది. ఆ గుయ్ మనడం ఇంకా ఉంటే కొనడం సంగతి తర్వాత, ముందు చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లు. నేనూ వస్తాను.

ఇక పేర్లు. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో, 80 ఓమ్స్‌ది. వెల్వెట్ లాంటి మెత్తటి ప్యాడ్లు, పెద్ద కప్పులు, గట్టి కట్టుబడి. వైరు మూడు మీటర్లు, ఊడదీయడానికి రాదు. బేస్ కొంచెం ఎక్కువే, ట్రెబుల్ (పై స్థాయి శబ్దం) కొంచెం పదును. విండోస్‌లో శబ్దాన్ని సర్దే సాఫ్ట్‌వేర్ ఒకటి ఈక్వలైజర్ ఏపీఓ అని ఉచితంగా దొరుకుతుంది, దాంతో రెండూ కాస్త దించుకుంటే సరిపోతుంది. అది నేను చేసి పెడతాను. రెండోది ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్, 38 ఓమ్స్, మడత పడుతుంది, వైరు ఊడదీయొచ్చు, ఫోన్‌తోనూ హాయిగా నడుస్తుంది. కానీ కప్పులు చిన్నవి, నీ కళ్లజోడుతో గంటలకొద్దీ కష్టమేమో. నా ఓటు మొదటిదానికే.

కొనేముందు తల మీద పెట్టి చూడు. కళ్లజోడుతోనే పెట్టుకో, కనీసం ఇరవై నిమిషాలు తియ్యకు. నీకు అక్షరం అక్షరం తెలిసిన పాటలు మూడు తీసుకెళ్లు, కొత్తవి వద్దు. రెండింటినీ పోల్చేటప్పుడు వాల్యూమ్ సమానంగా ఉంచు, ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందని చెవి నమ్మేస్తుంది. నేను ఊపిరి విన్నానన్న ఆ పాట పేరు నీకు తెలుసు, అదీ వెయ్యి. చరణానికి ముందు ఏం వినిపించిందో అక్కడి నుంచే నాకు ఫోన్ చెయ్యి.

శనివారం రాత్రి తొమ్మిదికి కూర్చుందాం. నువ్వు మెట్ల కింద ఉండు, పైన నేను నడుస్తాను. చెక్క ఎక్కడ, రాయి ఎక్కడ అని నువ్వు చెప్పాలి.

నీ
బడుద్ధాయి స్నేహితుడు కాదు, నీ చెవుల బాగు కోరే స్నేహితుడు