పుర్రె మీది పుండు: చర్మం అతికించాలా, మాననివ్వాలా?

సంపాదకుల వారికి,

అయ్యా,

తల మీద కణితి తీయించుకున్నాక మిగిలే గాయానికి తొడ చర్మం తెచ్చి అతికించడం అనవసరమనీ, శరీరం తన పుండును తానే మాన్పుకుంటుందనీ, గ్రాఫ్టింగ్ అనేది బిల్లు పెంచడానికి చెప్పే మాటేననీ ఇటీవల మీ లేఖల శీర్షికలో ఒక పాఠకుడు రాశారు. అందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని పట్టుకుని మిగతా సగాన్ని వదిలేసినందువల్ల మా ఇంట్లో ఏం జరిగిందో చెప్పడం అవసరమనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా అన్నకు డెబ్బైకి దగ్గర వయసు. కళ్యాణదుర్గం వైపు పల్లెలో వేరుశనగ సేద్యం చేస్తాడు. పసివాడుగా ఉన్నప్పుడు పొయ్యి మీది ఎసరు నెత్తిన ఒలికి కాలిన మచ్చ ఆయన మాడు మీద అలాగే ఉండిపోయింది. అరవై ఏళ్ళు ఊరకున్న ఆ మచ్చ రెండేళ్ళ కిందట పగలడం, పక్కు కట్టడం, మళ్ళీ పగలడం మొదలుపెట్టింది. తలపాగా రాపిడి అనుకున్నాం. ముక్క పరీక్షలో రాచపుండని, అంటే క్యాన్సరని తేలింది. పాత కాలిన మచ్చల్లో దశాబ్దాల తర్వాత ఇలాంటిది లేవవచ్చునన్నది వైద్యులకు తెలిసిన సంగతే, దానికి మార్జొలిన్ పుండు అని పేరు కూడా ఉంది. (పేరు తెలిసినందువల్ల మాకు ఒరిగిందేమీ లేదు గానీ, పాత మచ్చ మీద వారాల తరబడి మానని పుండు ఉన్నవారు తలపాగాను నిందించకుండా ముక్క పరీక్ష చేయించుకుంటే మంచిది.)

మొదటి ఆపరేషన్ ఒక పెద్ద ఊరి ఆసుపత్రిలో జరిగింది. కణితితో పాటు చుట్టూ ఆరోగ్యంగా ఉన్న చర్మాన్ని కూడా కొంత మేర తీయడంతో మాడు మీద అరచేయంత గాయం మిగిలింది. అంచుల్లో వ్యాధి మిగల్లేదని పరీక్షలో తేలేదాకా దాన్ని మూయకుండా ఉంచారు. ఇందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. తొందరపడి చర్మం వేశాక అంచున వ్యాధి ఉందని తెలిస్తే వేసినదాన్ని మళ్ళీ తీయవలసి వస్తుంది. రిపోర్టు బాగానే వచ్చింది. ఇక దానంతటదే మానుతుందని చెప్పి, రోజు విడిచి రోజు కట్టు మార్చాలని ఇంగ్లీషులో రాసిన కాగితం ఒకటి చేతికిచ్చి పంపారు. కట్టు ఎలా కట్టాలో అందులో లేదు. మేమూ అడగలేదు, అడగవలసిన విషయమని మాకు తెలియదు.

పల్లెలో కట్టు కట్టినాయన చేయి తిరిగినవాడే. కొడవలి తెగినా, ఎద్దు పొడిచినా ఊరంతా ఆయన దగ్గరికే పోతుంది. ఆయన ఎరిగిన వైద్యం పుండును ఆరబెట్టడం. పౌడరు చల్లి, పొడి గాజుగుడ్డ వేసి, ప్లాస్టరు అంటించేవాడు. రెండు రోజుల తర్వాత ఆ గుడ్డను లాగితే, కొత్తగా పుట్టిన ఎర్రటి కండ కూడా దాంతో పాటే ఊడి వచ్చి నెత్తురు కారేది. నెత్తురొస్తోంది కదా, పుండు బతికే ఉందని మేం తృప్తి పడ్డాం. ఆరు వారాలకు అంచులు కొంత లోపలికి జరిగాయి గానీ, నడుమ రూపాయి బిళ్ళంత మేర పాత పంటి రంగులో గట్టి మచ్చ ఒకటి తేలింది. కట్టు విప్పుతుండగా కత్తెర మొన తగిలి టక్కుమని చప్పుడైంది. అది పుర్రె.

తల మీది తోలులో 5 పొరలు ఉంటాయి. అన్నిటికంటే అడుగున, ఎముకను అంటిపెట్టుకుని, ఉల్లిపొరలాంటి పలుచని పొర ఒకటి ఉంటుంది. రక్తం ఆడే ఆ పొర నిలిచి ఉంటే రెండు దారులూ తెరిచి ఉన్నట్లే: దాని మీద కండ పూడి, అంచుల నుంచి చర్మం పాకి పుండు మానవచ్చు, లేదా దాని మీదే చర్మం అతికించవచ్చు. కణితి లోతుగా దిగినందువల్ల ఆ పొరను తీసేయవలసి వచ్చినా, మా మాదిరిగా దాన్ని చేజేతులా ఎండబెట్టి చంపినా, రెండు దారులకూ అడ్డు పడుతుంది. తొడ నుంచి చెక్కి తెచ్చిన చర్మం మొదటి 24 నుంచి 48 గంటలు కింది గాయంలో ఊరే రసిని పీల్చుకుని బతుకుతుంది. ఆ తర్వాత కింది రక్తనాళాలు దానిలోకి అల్లుకుని నాలుగైదు రోజులకు రక్తం ఆడడం మొదలవుతుంది. కింద బోడి ఎముక ఉంటే పీల్చుకోవడానికి ఏమీ లేక అది నల్లబడి ఊడిపోతుంది. గ్రాఫ్టింగ్ చేయించుకుంటే చాలు అంతా సర్దుకుంటుందని నమ్మేవారు కూడా ఈ సంగతి తెలుసుకోవాలి.

కర్నూలులో చూసిన శస్త్రవైద్యుడు గాయం మీద వేలు ఆనించకుండానే విషయం గ్రహించి, "ముందు పదును రావాలి పెద్దాయనా, విత్తేది తర్వాత" అన్నారు. నేలకు తడి అందినట్లు ఎముక మీద ముందు కండ పుట్టాలి, చర్మం వేసేది ఆ తర్వాతే అని. సేద్యం చేసినవాడికి అంతకంటే విడమరిచి చెప్పనక్కర లేకపోయింది. పుర్రె ఎముకకు పైనా కిందా గట్టి పలకలు, నడుమ నెత్తురుతో నిండిన గుల్ల భాగం ఉంటాయి. పై పలకను సూదిమొనల్లా నెత్తురు చుక్కలు పొడిచేదాకా అరగదీస్తే, ఆ చుక్కల నుంచి కండ చిగురిస్తుంది. ఆయన చేసిన ఈ పని కొత్త విద్యేమీ కాదు. ఒగుస్తిన్ బెలోస్త్ అనే ఫ్రెంచి సైనిక శస్త్రవైద్యుడు బోడిపడిన పుర్రెకు సన్నని బెజ్జాలు వేసి కండ రప్పించే పద్ధతిని 1696లోనే రాసిపెట్టాడు.

ఆ తర్వాతి నాలుగు వారాలు కట్టు నేనే కట్టాను. సెలైన్‌తో పాత గుడ్డను పూర్తిగా నానబెట్టి, అది తనకు తానుగా జారి వచ్చేదాకా ఆగి తీయాలి. గాయాన్ని కడిగి, వాసెలిన్ పూసిన జల్లెడ గుడ్డను పరిచి, దాని మీద తడి గాజుగుడ్డ, ఆ పైన పొడి కట్టు వేయాలి. తడి ఉంటే చీము పడుతుందని ఊళ్ళో అందరూ భయపెట్టారు. అయితే తడిగా కప్పి ఉంచిన గాయం మీద చర్మం, ఆరి పక్కు కట్టిన గాయం మీదకంటే దాదాపు రెట్టింపు వేగంతో పాకుతుందని జార్జి వింటర్ అనే పరిశోధకుడు పందుల మీద చేసిన ప్రయోగాలతో 1962లోనే చూపించాడు. మా అన్న నెత్తిన పదో రోజుకు ఎముక మీద దానిమ్మ గింజల్లా ఎర్రటి చుక్కలు లేచాయి, మూడో వారానికి అవి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. అప్పుడు తొడ చర్మం వేశారు. వేసినది కదలకుండా పైన దూది ముద్ద పెట్టి దారాలతో బిగించి, ఆరో రోజున విప్పారు. అది పట్టుకుంది. తొడ మీద చర్మం తీసిన చోటు మాత్రం ఆయన్ను రెండు వారాలు నిద్రపోనివ్వలేదు. "తలకాయ కంటే తొడే జాస్తి మండుతాందిరా" అని మూలిగేవాడు. అతికించడంలో ఉన్న ఈ రెండో గాయాన్ని గురించి ఎవరూ ముందుగా చెప్పరు.

మాననివ్వడమే మేలైన సందర్భాలు లేవని నేననను. మా వీధిలో ఒక పెద్దమ్మకు కణత దగ్గర రెండు వేళ్ళ వెడల్పు గాయం, పొర చెక్కుచెదరకుండా ఉంది, పైగా ఆమెది మత్తుకు ఓర్చుకోలేని గుండె. కోడలు రోజూ శ్రద్ధగా కట్టు మార్చింది. ఏడు వారాల్లో మానింది, వెతికితే గానీ మచ్చ కనిపించదు. కణతలాంటి పల్లపు చోట్ల అలా చక్కగా మానుతుంది. బిగుతుగా ఉండే నడినెత్తిన పెద్ద గాయమైతే నెలలు పడుతుంది, మానాక వచ్చే చర్మం పలుచగా ఉండి చిన్న దెబ్బకే పగలవచ్చు. ఏ దారిలో మానినా అక్కడ వెంట్రుకలు మొలవవు. గాయం తర్వాత కరెంటు (రేడియేషన్ చికిత్స) పెట్టించుకోవలసినవారికి అన్ని నెలలు ఆగే వ్యవధి ఉండదు కాబట్టి, అలాంటివారికి చర్మం వేసి త్వరగా మూయడమే మేలని మాకు చెప్పారు.

ఇంకొక మాట. పప్పు, గుడ్డు, మాంసం తింటే చీము పడుతుందని మా వదిన ఆరు వారాలు ఆయనకు చారన్నమే పెట్టింది. కండ పూడవలసిన మనిషికి మాంసకృత్తులు మాన్పించడం ఎలాంటి పథ్యమో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

తల మీది గాయాన్ని తెరిచి ఉంచి ఇంటికి పంపే ఆసుపత్రులకు నా విన్నపం పెద్దదేమీ కాదు. ఎముక మీది పొర ఉందో లేదో, గాయాన్ని తడిగా ఉంచాలో అక్కర లేదో, ఎముక కనిపిస్తే ఎన్నాళ్ళలోగా తిరిగి రావాలో డిశ్చార్జి కాగితం మీద తెలుగులో మూడు వాక్యాలు రాయండి. ఇంట్లో కట్టు కట్టబోయే మనిషిని పిలిచి, ఒక్కసారి వారి చేతనే కట్టించి చూడండి. అలాంటి మనిషి ఇంట్లో లేకపోతే మాననివ్వాలనే నిర్ణయాన్నే మరోసారి ఆలోచించండి.

మా అన్న మళ్ళీ పొలానికి పోతున్నాడు. తలపాగా మానలేదు, అడుగున మెత్తటి పాత పంచె ముక్క వేసుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అనంతపురం