ఔటైన పిల్లలు ఎక్కడ కూర్చోవాలి?

సంపాదకుల వారికి నమస్కారం.

నేను మున్సిపల్ బడిలో 32 ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అక్కయ్యపాలెంలో ఉంటాను. మా మనవరాలికి మొన్న మే నెలలో ఏడేళ్ళు నిండాయి. పుట్టినరోజు ఆటల గురించి నాలుగు మాటలు రాయాలనిపించింది.

కిందటేడు దాని పుట్టినరోజు ఒక హాల్లో చేశారు. ఆటలు ఆడించడానికి మైకు పట్టుకుని ఒక కుర్రాడు వచ్చాడు. మంచివాడే, గొంతూ బాగుంది. కుర్చీలాట పెట్టాడు. 14 మంది పిల్లలు, 13 కుర్చీలు. పాట ఆగగానే మొట్టమొదట ఔటయింది మా మనవరాలే. గౌను కుచ్చిళ్ళు చేత్తో నలుపుకుంటూ గోడవార కూర్చుంది. లెక్క వేసి చూడండి. మొదటిసారే ఔటైన పిల్ల తక్కిన 12 సార్లూ చూస్తూ కూర్చోవాలి. కుర్చీ తీయడం, ‘నేనే ముందు కూర్చున్నా’ అనే తగువు తీర్చడం కలిపి ఒక్కోసారికి నిమిషంన్నర వేసుకున్నా 18 నిమిషాలు. తన పుట్టినరోజు నాడు, తన కేకు ముందు.

ఆ కుర్రాణ్ణి అనడానికి నాకు నోరు రాలేదు. డ్రిల్లు పీరియడులో నేనూ ఇదే పని చాలా ఏళ్ళు చేశాను. ఔటైనవాళ్ళే గోల చేస్తారు, గిల్లుకుంటారు, గోడ మీద గీతలు గీస్తారు. వాళ్ళని కసురుకుంటూ ఉండేదాన్ని. తప్పు వాళ్ళది కాదు, అలాంటి ఆట ఎంచుకున్న నాది అని తెలిసేసరికి సగం సర్వీసు అయిపోయింది. కుర్చీలాట తర్వాత బెలూన్లు పగలగొట్టే ఆట కూడా పెట్టారు. పగిలిన ముక్కని ఒక చంటివాడు నోటిదాకా తీసుకెళ్తే వాళ్ళమ్మ చటుక్కున లాక్కుంది. అది గొంతుకి అడ్డం పడితే ఊపిరాడదు. చిన్నపిల్లలున్న చోట ఆ ఆట వద్దే వద్దు.

ఈ ఏడు ఆటలు నాకు వదిలేయమన్నాను. ‘ఈ ఎండల్లో మీకెందుకు అత్తయ్యా టెన్షన్’ అంది కోడలు. మా అపార్ట్‌మెంటు మేడ మీద షామియానా వేయించి సాయంత్రం అయిదున్నరకి మొదలుపెట్టాం. సముద్రపు గాలి వస్తున్నా ఉక్క ఉక్కే. 17 మంది వచ్చారు. మూడేళ్ళవాడి నుంచి పదకొండేళ్ళవాళ్ళ దాకా ఉన్నారు. సగం మంది బడి స్నేహితులు, సగం మంది అపార్ట్‌మెంటు పిల్లలు. ఒకరి పేరు ఒకరికి తెలీదు. అందుకని ముందు గుండ్రంగా కూర్చోబెట్టి పేర్లు చెప్పించి, వీరీ వీరీ గుమ్మడిపండు ఆడించాను. కళ్ళు మూయించుకున్నవాళ్ళు తమని తట్టి వెళ్ళింది ఎవరో చెప్పాలి కాబట్టి పేరు గుర్తుపెట్టుకోక తప్పదు. పావుగంటలో 17 పేర్లూ అందరి నోళ్ళలో ఆడాయి. నన్నూ ఆటలోకి లాగారు గానీ, గాజుల చప్పుడుకి మూడేళ్ళవాడు కూడా నన్ను పట్టేశాడు.

దాగుడుమూతలు ఆడదామని గొడవ చేశారు. నేను ఒప్పుకోలేదు. పైన పిట్టగోడ, కింద పార్కింగులో రివర్సు వచ్చే కార్లు.

తర్వాత సంచి ఆట. కళ్ళకి గంతలు కట్టి, గుడ్డసంచిలోంచి ఒక్కో వస్తువు చేతిలో పెడితే తడిమి, వాసన చూసి చెప్పాలి. చింతపండు, వెల్లుల్లి, కుంకుడుకాయ, బీచ్‌లో ఏరిన గవ్వ, ఇంగువ వేశాను. ఒక పాప గంతలకి భయపడింది, కళ్ళు మూసుకుంటే చాలన్నాను. కుంకుడుకాయ ఒక్కరికీ తెలియలేదు. ఇంగువ వాసన చూసి ఒకమ్మాయి ‘మా తాతయ్యగారి ఇల్లు’ అంది. అది కూడా సరైన జవాబే అన్నాను.

అందరికీ బాగా నచ్చింది మాత్రం మీ పత్రికతో ఆడిన ఆట. పెద్దపిల్లకో చిన్నపిల్లని జత చేసి, జతకో పూర్తి షీటు పరిచాం. నేను పళ్ళెం మీద గరిటెతో వాయిస్తుంటే చుట్టూ తిరగాలి, ఆపగానే ఇద్దరూ దాని మీద నిలబడాలి. ప్రతిసారీ కాగితాన్ని సగానికి మడుస్తాం. నాలుగు మడతలయ్యేసరికి పదహారో వంతు మిగులుతుంది. అడుగు బయటపడితే ఔట్ కాదు, ఒక మడత విప్పుకుని మళ్ళీ ఆడాలి. ఈ ఒక్క నియమంతో గోడవారకి పోయినవాళ్ళే లేరు. ఆఖరికి పదకొండేళ్ళ పిల్ల మూడేళ్ళవాణ్ణి చంకనెత్తుకుని ఒంటికాలి మీద నిలబడింది. 17 బేసి సంఖ్య కాబట్టి మిగిలిన పిల్లాడికి నేనే జత. గరిటె మా అబ్బాయికిచ్చి దిగాను. మోకాళ్ళు రెండు రోజులు పట్టేశాయి. ప్రైజులు పెట్టలేదు. అందరికీ తాటిముంజెలు పంచాం.

మీ ఆదివారం పిల్లల పేజీలో పదవినోదం, తేడాలు కనుక్కోవడం లాంటివి వేస్తుంటారు. బాగుంటాయి గానీ అవి ఒక్కరే కూర్చుని ఆడుకునేవి. వారానికొక గుంపు ఆట కూడా వేయండి. జూన్ 11ని అంతర్జాతీయ ఆటల దినంగా ఐక్యరాజ్యసమితి 2024 నుంచి జరుపుతోంది, ఆ వారంలో మొదలుపెట్టినా సరే. ఎంతమంది ఆడొచ్చు, ఎంత చోటు కావాలి, ఏ వయసువాళ్ళకి అన్నవి రెండేసి ముక్కల్లో చెబితే చాలు. ఔటైనవాళ్ళు ఏం చేయాలో మాత్రం వివరంగా రాయండి.

ఇట్లు,
ఒక నాయనమ్మ,
అక్కయ్యపాలెం, విశాఖపట్నం