ఇకపై గది కొలవకుండా స్క్రీన్ రేటు చెప్పం

మా కస్టమర్లందరికీ నమస్కారం. సంక్రాంతికి ఇంట్లో థియేటర్ రెడీ అయిపోవాలని ఫోన్లు మొదలయ్యాయి. బెజవాడ నుంచి చేసినా, తెనాలి నుంచి చేసినా ప్రొజెక్టర్ స్క్రీన్ గురించి మొదటి ప్రశ్న ఒకటే: "120 ఇంచులు ఎంత పడుద్ది? 150 అయితే ఎంత?" ఈ నెల నుంచి దానికి ఫోన్లో రేటు చెప్పడం మానేశాం. మనిషిని పంపి గది కొలిచాకే కొటేషన్ ఇస్తాం. బెట్టు చేస్తున్నామని అనుకోకండి, కారణాలు ఉన్నాయి.

ఇంచులంటే మూల నుంచి మూలకి. ఆ అంకె ఒక్కటీ వింటే గోడ మీద ఎంత చోటు పడుతుందో తెలీదు. టీవీల్లో ఉండే మామూలు 16:9 ఆకారంలో (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) 120 అంటే బొమ్మ 8 అడుగుల 9 ఇంచుల వెడల్పు, 4 అడుగుల 11 ఇంచుల ఎత్తు. చుట్టూ నల్ల ముఖమల్ ఫ్రేమ్ కలిస్తే 9 అడుగులు దాటుతుంది. పక్కన టవర్ స్పీకర్లకు అడుగున్నర చొప్పున వదలాలి. 13 అడుగుల గోడకు సరిపోతుంది, 11 అడుగుల బెడ్‌రూమ్ గోడకు సరిపోదు. ఆ గోడకే ఏసీ ఉంటే అది వేరే తలనొప్పి.

తర్వాత దూరం. కంటికీ స్క్రీన్‌కీ మధ్య 120కి 12 నుంచి 16 అడుగులు ఉంటే హాయిగా ఉంటుంది. 12 అడుగుల గదిలో సోఫాని గోడకి ఆనించినా కన్ను 11 అడుగుల దగ్గరే ఉంటుంది, అక్కడ 110 దాటకూడదు. 150కి కనీసం 15 అడుగులు కావాలి. పైగా దాని ఎత్తు 6 అడుగులు దాటుతుంది. కింద రెండున్నర అడుగులైనా వదిలి పెడతాం కదా, ఫాల్స్ సీలింగ్ చేసిన గదిలో పైన మిగిలేది జానెడు.

వెలుగు సంగతి చాలామంది అడగనే అడగరు. ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు అంతే ఉంటుంది, స్క్రీన్ పెంచితే ఉన్న మజ్జిగలోనే నీళ్లు కలిపినట్టు పలచనవుతుంది. ఇవాళ్టి డిజిటల్ థియేటర్లలో పాటించే ప్రమాణం 14 ఫుట్-లాంబర్ట్‌లు, అంటే చదరపు అడుగుకి 14 లూమెన్ల వెలుగు. 120 స్క్రీన్ 43 చదరపు అడుగులు కాబట్టి, మామూలు తెల్ల స్క్రీన్ అయితే దాని మీద దాదాపు 600 లూమెన్లు పడాలి. 150కి 935 కావాలి. పెట్టె మీద 2,000 అని ఉందిగా అంటారు. మంచి రంగుల కోసం సినిమా మోడ్‌లో పెడితే చాలా మోడళ్లలో అది సగం దగ్గరికి పడిపోతుంది. చవక రకాల పెట్టెల మీద రాసే అంకెల గురించి నేను మాట్లాడకపోవడమే మంచిది.

ఇక అసలు గొడవ ఆకారం దగ్గర. "మాకు స్కోప్ స్క్రీనే కావాలి, థియేటర్లో లాగా" అంటారు. స్కోప్ అంటే వెడల్పు ఎత్తుకి 2.35 రెట్లు ఉండే పొడవాటి ఆకారం. మోజు అర్థమవుతుంది. 1974లో 'అల్లూరి సీతారామరాజు'తో తెలుగులో స్కోప్ మొదలైంది, ఇవాళ పెద్ద సినిమాలన్నీ దాదాపు ఆ ఆకారమే. కానీ ఇంట్లో ఏం చూస్తారో ఒకసారి లెక్కేసుకోండి. క్రికెట్, యూట్యూబ్, పిల్లల గేములు, సీరియళ్లు అన్నీ 16:9. 120 ఇంచుల స్కోప్ స్క్రీన్ ఎత్తు 3 అడుగుల 11 ఇంచులే. దాని మీద మ్యాచ్ పెడితే రెండు పక్కలా నలుపు వచ్చి బొమ్మ 96 ఇంచులకు దిగుతుంది. అదే 120 ఇంచుల 16:9 మీద స్కోప్ సినిమా వేస్తే పైనా కిందా 7 ఇంచుల చొప్పున నల్ల పట్టీలు వస్తాయి, బొమ్మ 114 దగ్గర ఆగుతుంది. ఒకవైపు 24 ఇంచులు పోతాయి, ఇంకోవైపు ఆరు.

స్కోప్ స్క్రీన్ నిండాలంటే ప్రొజెక్టర్ జూమ్ పెంచాలి, మ్యాచ్‌కి మళ్లీ తగ్గించాలి. లెన్స్ మెమరీ (జూమ్ కొలతల్ని గుర్తుపెట్టుకునే సదుపాయం) ఉన్న మోడల్ అయితే రిమోట్‌తో పని అయిపోతుంది, అది లేకపోతే సినిమా మార్చినప్పుడల్లా స్టూల్ ఎక్కాలి. కొన్ని డిస్కుల్లో సబ్‌టైటిల్స్ కింది నల్ల పట్టీలో వస్తాయి, అవి స్క్రీన్ దాటి గోడ మీద పడతాయి. మధ్యమధ్యలో ఐమాక్స్ సీన్లకు బొమ్మ ఎత్తు పెరిగే సినిమాలకీ అదే గతి.

దాచకుండా చెప్తున్నా, స్కోప్ అమ్మితేనే మాకు లాభం ఎక్కువ. స్క్రీనూ ఖరీదే, దానికి తగ్గ ప్రొజెక్టరూ ఖరీదే. అయినా హాల్లో నలుగురూ కూర్చుని చూసే ఇంటికి 16:9 తీసుకోమనే చెప్తాం. గోడలకు ముదురు రంగు వేసి, కిటికీలు మూసి, సినిమాల కోసమే గది కట్టుకున్నవాళ్లు అడిగితే స్కోప్ సంతోషంగా బిగిస్తాం.

మొన్న తెనాలిలో ఒక ఇంటికి వెళ్లాం. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అమ్మానాన్నల కోసం 135 పెట్టమని డ్రాయింగ్ పంపాడు. గోడ మీద పెయింటర్ టేప్‌తో 135 కొలత అంటించి, సోఫా వచ్చే చోట ప్లాస్టిక్ కుర్చీ వేసి వాళ్ల నాన్నగారిని కూర్చోమన్నాం. కళ్లజోడు సర్దుకుని చూసి, వీడియో కాల్‌లో ఉన్న కొడుకుతో "ఒరేయ్, టెన్నిస్ మ్యాచ్ చూసినట్టు తల తిప్పాల్సొస్తోందిరా" అన్నారు. టేప్ పీకి 120కి మళ్లీ అంటించాం, దానికే ఇద్దరూ సరే అన్నారు. కొలతకు వచ్చినప్పుడు మీ ఇంట్లోనూ ఇదే చేస్తాం. ఎక్కువసేపు చూసే పెద్దవాళ్లు ఆ టైముకి ఇంట్లో ఉండేలా చూసుకోండి.

స్విచ్ నొక్కితే దిగి, మళ్లీ పైకి చుట్టుకునే మోటార్ స్క్రీన్ అడిగితే, 100 దాటిన సైజుకి పక్కల తాళ్లతో బిగువుగా లాగే రకమే ఇస్తాం, మామూలు రకం ఇక తెప్పించం. మామూలు దాంట్లో కొన్నాళ్లకు గుడ్డ అలలు తిరుగుతుంది, కెమెరా బంతి వెంట పరిగెత్తినప్పుడు బౌండరీ గీత వంకరపోతుంది. ఇంకోటి, మోటార్ స్క్రీన్ గొట్టం ఒకటే ముక్క, 120ది 9 అడుగులు దాటుతుంది. మామూలు అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో పట్టదు, మెట్ల మీద మోయాలి. నాలుగో అంతస్తు పైన ఉన్నవాళ్లకు మోత కూలి వేరేగా వేస్తాం. గోడకు కదలకుండా బిగించే ఫిక్స్‌డ్ ఫ్రేమ్‌కి ఆ బాధ లేదు, ముక్కలుగా వచ్చి ఇంట్లోనే బిగుస్తుంది.

బెజవాడ, మంగళగిరి, గుంటూరు వరకు కొలతకు డబ్బులు తీసుకోం, అంతకు మించితే పెట్రోల్ ఖర్చు ఇవ్వాలి. ఫోన్ చేసే ముందు గది పొడవు, వెడల్పు, ఎత్తు వాట్సాప్‌లో పెట్టండి. ఫ్యాన్ ఎక్కడుందో కనిపించేలా ఒక ఫోటో తీయండి, ప్రొజెక్టర్ వెలుగుకి అది అడ్డం వస్తుందో లేదో అందులోనే తెలిసిపోతుంది. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లకు పాత రేటే. కొలిచాక సైజు మార్చుకుంటామన్నా ఫ్రేమ్ కోయించకముందు వరకు మాకు అభ్యంతరం లేదు.