బుజ్జిగాడి టీకా గురించి

చిన్నీ,

ఎలా ఉన్నావు? బుజ్జిగాడికి జలుబు తగ్గిందా? రాత్రిళ్లు నిన్ను పడుకోనిస్తున్నాడా? ఇక్కడ నాన్న మోకాలు పరవాలేదు. పెద్దత్త మొన్న ఫోన్ చేసి అవీ ఇవీ మాట్లాడుతూ, వాడి ఎంఎంఆర్ టీకా (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసేది) వాయిదా వేశారట కదా అంది. ఆ టీకా వల్ల ఆటిజం వస్తుందని చెప్పే వీడియో గ్రూప్‌లో పెట్టిన దగ్గర్నుంచీ నువ్వు పలకడం లేదు, అందుకే ఇలా రాస్తున్నా.

నీకు పాఠం చెప్పాలని కాదు. వీడియోలో మాట్లాడినాయన ఇది 'లాన్సెట్‌లోనే వచ్చింది' అన్నాడు చూడు, లాన్సెట్ అంటే డాక్టర్ల పత్రిక, ఆ మాట నిజమే, 1998లో వచ్చింది. ఆ ముక్క నిజం కాబట్టే మిగతాదీ నమ్మబుద్ధేస్తుంది. రాసింది ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే బ్రిటన్ డాక్టర్, చూసింది 12 మంది పిల్లల్ని. టీకా కంపెనీల మీద కేసు నడుపుతున్న లాయర్ల నుంచి ఆయనకు డబ్బు ముట్టిందని బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు తవ్వి తీశాడు. 2004లో ఆయనతో కలిసి రాసినవాళ్లలో పదిమంది, టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టిన భాగాన్ని వెనక్కి తీసుకున్నారు. 2010లో లాన్సెట్ మొత్తం పేపర్నే రద్దు చేసింది, అదే ఏడాది బ్రిటన్‌లో ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా పోయింది. ఇప్పుడు ఆ పేపర్ తెరిస్తే 'రిట్రాక్టెడ్' అని కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. వీడియోలో మనిషి లాన్సెట్ పేరు చెప్పి ఊరుకున్నాడు, పేజీ తెరిచి చూపించలేదు! డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల వివరాలు చూసి 2019లో ఇంకో పేపర్ వేశారు, ఎంఎంఆర్ వేయించుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువగా ఏమీ లేదు. వీడియోలో దాని ఊసే ఎత్తలేదు.

ఏదైనా చూసి గుండె ఝల్లుమంటే వెంటనే ఇంకొకళ్లకి పంపకు. ఆ వీడియోనే మళ్లీ మళ్లీ చూస్తే లాభం లేదు, బయటికొచ్చి ఆ మనిషి పేరు విడిగా వెతుకు, వేరేవాళ్లు ఏమంటున్నారో చదువు. చివర్లో ఏమైనా అమ్ముతున్నాడేమో చూడు. ఏ ఏటిదో చూడు. స్టడీ అంటే ఆ స్టడీ తెరువు, ఎంతమందిని చూశారో మొదటి పేరాలోనే ఉంటుంది. ఇదంతా అర్ధరాత్రి వాడిని ఒళ్లో వేసుకుని చూడకు, నిద్రలేని కళ్లతో చూస్తే అన్నీ నిజాల్లాగే కనిపిస్తాయి.

తట్టు వచ్చినవాళ్లు గదిలోంచి వెళ్లిపోయాక కూడా ఆ వైరస్ రెండు గంటల దాకా గాల్లో ఉంటుందమ్మా. నాకు నిద్ర పట్టనిది అందుకే. నీ అనుమానాలన్నీ కాగితం మీద రాసుకుని డాక్టర్‌ని అడుగు, మొహమాటపడకు. అల్లుడుగారిని కూడా వెంట రమ్మను. ఏ రోజు వెళ్తున్నారో నాకు మెసేజ్ పెట్టు, టీకా వేశాక జ్వరం వస్తే ఏం చేయాలో కూడా అక్కడే అడిగి రా.

అమ్మ