రసీదు పుస్తకం ఇంట్లో పెట్టి వెళ్లండి

సంపాదకులకు వందనాలు.

క్రిస్మస్‌కి గుడి ముందు పందిరి వేసినా జనం పట్టని మన ప్రకాశం వైపు పల్లెల్లో, ఫిబ్రవరి వచ్చేసరికి ఆదివారం ఆరాధనలో సగం చాపలు ఖాళీగా ఉంటాయి. విశ్వాసం చల్లారిందని ప్రసంగాల్లో అనేస్తుంటారు. అది తొందరపాటు మాట. కనిగిరి, పామూరు, పొదిలి వైపు నుంచి గుంటూరు పక్క మిరపకాయ కోతలకు పోయినవాళ్లు, పొగాకు కాల్చి ఆరబెట్టే బ్యారన్ల కాడ రాత్రీ పగలూ కాపు కాసేవాళ్లు, బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు పోయినవాళ్లు ఊళ్లోనే లేరు. ఊళ్లో ఉండి రానివాళ్ల సంగతి వేరు. ఇద్దరినీ ఒకే గాటన కట్టడం దగ్గరే తప్పు మొదలవుతోంది.

ఎవరు రాలేదో తెలియాలంటే ముందు లెక్క ఉండాలి. చాలా సంఘాల్లో ఉన్నది చందా పుస్తకం ఒక్కటే. అందులో ఇంటి యజమాని పేరు తప్ప మరొకటి ఉండదు. ఆయన వస్తున్నాడు కాబట్టి ఆ ఇల్లు వస్తున్నట్టే. కోడలు మూడు నెలలుగా రావడం మానేసినా, ఇంటర్ చదివే పిల్లవాడు వాకిట్లో నుంచే వెనక్కి పోతున్నా ఆ పుస్తకం చెప్పదు. అందుకని ఒక పొడవాటి నోటు పుస్తకంలో మనిషికో వరుస రాయండి. పేరు, ఫోను నెంబరు, వలస పోతే ఏ ఊరు, ఎప్పుడు వస్తారు, ఈ మనిషిని కనిపెట్టుకుని ఉండాల్సింది ఎవరు. ఈ చివరి గడి ఖాళీగా ఉంటే పుస్తకం రాసీ ఉపయోగం లేదు. ఒక్కొక్కరికి ఎనిమిది, పది మందిని మించి అప్పగించకూడదు. పాస్టరు గారొక్కరే నూటయాభై ఇళ్లు తిరగాలనుకుంటే ఆయన మంచాన పడతారు, ఇళ్లూ మిగిలిపోతాయి.

ఇదేమీ మనకు కొత్త పద్ధతి కాదు. 1867 జనవరి 1న ఒంగోలు బాప్టిస్టు సంఘం ఎనిమిది మందితో మొదలైంది. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకె అందరికీ కంఠతా వచ్చు. అంతకుముందు కూలి పనులతో కరువు సాయం నడిచినన్నాళ్లు ఒంగోలు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపించిన సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. కూలి కోసం వచ్చారా, ప్రభువు కోసం వచ్చారా అన్నది పల్లెల్లో తిరిగే బోధకులు మనిషి మనిషినీ ఎరిగి చెప్పాల్సి వచ్చింది. ఈరోజు మన పుస్తకం చెయ్యాల్సిన పనీ ఆ ఎరుకే.

వరసగా రెండు ఆదివారాలు కనిపించకపోతే ఫోను చెయ్యండి. మూడోదీ తప్పితే ఇంటికి వెళ్లండి. ఇద్దరే వెళ్లాలి, అందులో ఒకరు స్త్రీల సమాజం నుంచి ఉండాలి. అయిదారుగురు కలిసి వెళితే అది పంచాయితీ అవుతుంది. పొలం నుంచి వచ్చి స్నానం చేసి కూర్చునే వేళ, ఏడు గంటల ప్రాంతం మంచిది. "ఎందుకు రావట్లేదు?" అని అడగొద్దు. "ఏం పెద్దమ్మా, ఒంట్లో నలతగా ఉందా?" అంటే చాలు, మిగతాది ఆమే చెబుతుంది. మోకాళ్ల నొప్పితో చాప మీద కూర్చోలేక మానేసినవాళ్లు ఎంతమందో! వాళ్లకు కావాల్సింది ప్రసంగం కాదు, ఒక కుర్చీ. కూతురు వేరే కులంలో పెళ్లి చేసుకుందని తలెత్తుకోలేక మానేసిన తల్లి ఉంటుంది. పెద్దల ఎన్నికలో మాటామాటా పెరిగి మానేసిన కుటుంబం ఉంటుంది. ఆ తగవు మీరక్కడ తీర్చబోకండి, విని రండి. ఒక కీర్తన, చిన్న ప్రార్థన, ఇరవై నిమిషాల్లో లేవండి.

రసీదు పుస్తకం మాత్రం తీసుకెళ్లొద్దు. ఏడాది చందా బాకీ పడ్డ మనిషికి గుడి మెట్లు ఎక్కడమే బరువు. బాకీ తీరిస్తేనే ప్రభు బల్లలో (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధనలో) చెయ్యి వెయ్యనిస్తాం, సమాధి స్థలం ఇస్తాం అనే చోట్ల ఆ మనిషి ఇక రాడు. ఈ కట్టుబాటును పెద్దలు ఎత్తేయాలని గట్టిగా కోరుతున్నాం.

కొత్తవాళ్ల విషయంలో మనం చేసే పొరపాటు మైకు దగ్గర జరుగుతుంది. "కొత్తగా వచ్చినవారు లేచి నిలబడండి" అనగానే, వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి కొంగు సర్దుకుని తలొంచుకుంటుంది. గుమ్మం దగ్గర ఒకరుండి చెప్పులు ఎక్కడ విడవాలో, ఆడవాళ్ల వైపు ఏదో చూపి, పాటల పుస్తకం తెరిచి చేతికిస్తే అంతకన్నా మర్యాద లేదు. పాట నెంబరు రెండుసార్లు చెప్పాలి. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేసే ఒడియా, హిందీ వాళ్లు వస్తే అధ్యాయం, వచనం అంకెలు చూపించండి, తమ బైబిల్లో తామే తీసుకుంటారు. "మీదేవూరు, ఏ పేట?" అని ఆరా తియ్యొద్దు. ఆ ప్రశ్న కులం అడగడమేనని వినేవాళ్లకు తెలుసు. అడక్కుండా ఫొటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దు. 1950 నాటి ఉత్తర్వు వల్ల క్రైస్తవులకు ఎస్సీ హోదా లేని ఈ దేశంలో ఒక ఫొటోతో ఆ మనిషికి వచ్చే చిక్కులు మనకు రావు.

గుంటూరు వైపు లూథరన్ ఇంటి నుంచి వచ్చిన కోడలికి పసితనంలోనే బాప్తిస్మం అయి ఉంటుంది. మన బాప్టిస్టు సంఘాల్లో విశ్వసించినవారికి నీళ్లలో ముంచి ఇస్తారు. ఆ పసితనపు బాప్తిస్మం చాలదని ప్రభు బల్ల రోజు పళ్లెం తన దాకా వచ్చాక అడ్డు చెబితే ఆ అమ్మాయి అందరి ముందూ కుమిలిపోతుంది. ముందువారమే పాస్టరమ్మ గారు ఇంట్లో కూర్చోబెట్టుకుని సంఘం పద్ధతి వివరించాలి, ఆమె అడిగేది వినాలి.

చాన్నాళ్లకు తిరిగొచ్చినవాళ్లతో "ఇన్నాళ్లకు దేవుడు గుర్తొచ్చాడా?" అనే ఎత్తిపొడుపు వద్దు, నవ్వుతూ కూడా వద్దు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాలు దగ్గరపడ్డాయి. నలభై రోజుల ఇంటి కూడికల పట్టీ రాసేటప్పుడు ఎప్పుడూ పిలిచే ఇళ్లనే రాయకుండా, రానివాళ్లను ముందుగా అడిగి, వాళ్లు సరేనంటే మొదటి వారంలోనే వాళ్ల వాకిట్లో పెట్టండి. చాపలు, దీపం మనమే తీసుకెళదాం. టీ ఖర్చు వాళ్ల మీద పడనివ్వొద్దు.

– సంఘ పరిచారకులు, స్త్రీల సమాజం సభ్యులు కొందరు, ప్రకాశం జిల్లా