బండి సంగతి అడగడానికి కాదులే

చిన్నా,

ఫోన్ చేస్తే మీటింగ్‌లో ఉన్నా మళ్ళీ చేస్తానమ్మా అంటావు, చెయ్యవు, ఇవాళ్టికి పదకొండు రోజులు. అందుకే ఇలా టైప్ చేస్తున్నా, తీరికున్నప్పుడు చదువుకో. మీ నాన్న కళ్ళజోడు పెట్టుకుని కొడుతున్నా. ఒకప్పుడు మన ప్రెస్సులో సీసం అక్షరాల్ని తిరగేసి చదివేసిన దాన్ని, ఇప్పుడు ఈ ఫోన్లో ఒత్తులు దొరక్క చస్తున్నా.

ఇక్కడంతా బాగానే ఉంది. రమణత్త మోకాలు అలాగే ఉంది, పెరట్లో మునగచెట్టుకి మళ్ళీ గొంగళిపురుగులు పట్టాయి. ఆదివారం కిట్టు వచ్చాడు. మియాపూర్లో నీ రూముకి వచ్చాడంట కదా, కింద నీ బండి కనపళ్ళేదన్నాడు. సర్వీసింగ్‌కి ఇచ్చుంటాడులే అన్నా. వాడు నవ్వి ఊరుకున్నాడు. కిట్టు నవ్వు నీకు తెలుసుగా. నేనేం అడగట్లేదు, నీ బండి నీ ఇష్టం.

నువ్వు ఉద్యోగం మానేసి సొంతంగా వెబ్‌సైట్లు కడతానన్నప్పుడు మీ నాన్న వారం మాట్లాడలేదు గానీ నాకు అంత కొత్తగా అనిపించలేదురా. మనది ముందునించీ జాబ్‌వర్క్ ఇల్లే, ఎవరేది అచ్చెయ్యమంటే అది చేసిచ్చి డబ్బు తీసుకోవడం. నువ్వు క్లయింట్ అంటావు, మేం పార్టీ అనేవాళ్ళం. కాకపోతే మాకు మేటరు, అదే అచ్చెయ్యాల్సిన రాత, పార్టీయే తెచ్చిచ్చేది, మేం కంపోజ్ చేసి కొట్టిచ్చేవాళ్ళం. నువ్వు సైటూ కడతావు, దాన్లో మేటరూ నువ్వే రాస్తావు, డబ్బులు మాత్రం సైటుకే తీసుకుంటావు. ఇదేం లెక్క? పార్టీ వాళ్ళ షాపు గురించి నాలుగు ముక్కలు పంపడానికి నెల చేస్తాడని, అది వచ్చేదాకా సైటూ ఆగుద్ది బిల్లూ ఆగుద్దని సంక్రాంతికి నువ్వే చెప్పావు. అందుకని విసుగొచ్చి నువ్వే రాసి పడేస్తున్నావు. రాయి, కానీ దానికి విడిగా బిల్లు వెయ్యి. ఊరికే ఇస్తే అది పనని వాళ్ళకి తెలీదు.

ఆ ఫర్నిచర్ షాపాయన డబ్బులు ఇచ్చాడా? ఇంకా ఇవ్వలేదా? బండికీ దానికీ సంబంధం ఉందని నేననట్లేదు.

సరే, నీకెప్పుడూ చెప్పని సంగతొకటి చెప్తా. 1999 ఎలక్షన్లప్పుడు నీకింకా రెండేళ్ళు నిండలేదు. ఒకాయన ఇండిపెండెంటుగా నిలబడ్డాడు, పేరెందుకులే, పోయాడు కూడాను. లక్ష కరపత్రాలు కావాలి, మూడ్రోజుల్లో కావాలి, డబ్బులు ఓట్లయిపోయాక ఇస్తానన్నాడు. డెమీ కాగితంలో ఎనిమిదో వంతు సైజు, అంటే 25 రీములు. బెజవాడ పేపర్ షాపులో అప్పు పెట్టి మీ నాన్న తెచ్చాడు. ట్రెడిల్ మీద, అదే కాలితో తొక్కే అచ్చు మెషీను, సుబ్బారావు బాబాయీ మీ నాన్నా వంతులవారీగా రాత్రీ పగలూ తొక్కారు, ఒకేసారి రెండేసి పడేట్టు ఫారం కట్టుకున్నా యాభైవేల సార్లు కాగితం పెట్టాలి, తియ్యాలి. నేను నిన్ను పేపర్ కట్టల మీద పడుకోబెట్టి వందేసి లెక్కపెట్టి కట్టలు కట్టేదాన్ని. ఎలక్షన్ కరపత్రం మీద కింద ప్రింటర్ పేరు వెయ్యాలని చట్టం, కాబట్టి ఊళ్ళో ఏ గోడ మీద చూసినా మన ప్రెస్ పేరే. మీ నాన్న అది చూసుకుని మురిసిపోయాడు పిచ్చిమనిషి. ఆఖరి కట్ట రిక్షాలో ఎక్కించేటప్పుడు నేనన్నా, సగమన్నా తీసుకోండీ అని. బాగోదే, ఆయన మనకి తెలిసినాయన కదా అన్నాడు.

ఆయన ఓడిపోయాడు. డిపాజిట్ కూడా రాలేదు. గెలిచుంటే ఇచ్చేవాడో లేదో నాకు తెలీదు గానీ ఓడినాయన ఇంటికెళ్ళి డబ్బులు ఎలా అడుగుతామని మీ నాన్న ఆరు నెల్లు అటువైపు రోడ్డులో నడవడమే మానేశాడు. పేపర్ షాపువాడు మాత్రం వారం వారం వచ్చేవాడు. నా దిద్దులు తాకట్టు పెట్టి కట్టాను. దిద్దులేవే అంటే చెవి చీము పట్టిందని వేపపుల్లలు పెట్టుకుని తిరిగాను నాలుగు నెల్లు. మీ నాన్న నమ్మాడు. నమ్మినట్టు ఉన్నాడో.

అందుకే బండి లేదు అని కిట్టు అనగానే నాకు చెవి తడుముకోవాలనిపించింది. అంతకుమించి ఏం లేదు.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలెట్టా. ఒక్కటే చెప్తా. సగం అడ్వాన్స్ లేకుండా మొదలెట్టకు, తెలిసినవాళ్ళైతే అసలే మొదలెట్టకు. డొమైన్, అదే సైటు అడ్రసు, పార్టీ పేరు మీదే ఉండనీ, అది వాళ్ళ షాపు బోర్డు, దాన్ని పట్టుకు కూర్చుంటే గొడవలు. సైటు మాత్రం నీ సర్వర్లోనే చూపించు, మిగతా డబ్బు పడ్డాకే వాళ్ళ హోస్టింగులోకి ఎక్కించు. ఎన్నిసార్లు మార్పులు చేస్తావో ముందే రాసుకో, లోగో ఇంకొంచెం పెద్దది ఇంకొంచెం పెద్దది అని నాలుగోసారి అడిగినప్పుడు చూపించొచ్చు. మేం ప్రూఫ్ మీద పార్టీ సంతకం లేకుండా మెషీనెక్కించేవాళ్ళం కాదు (ఒక్కసారి ఎక్కించాం, ముహూర్తం తప్పు పడి ఎనిమిదొందల శుభలేఖలు మళ్ళీ కొట్టాం). ఇంకోటి, మన ఆడిటర్ గారు చెప్పారు, చిన్న వ్యాపారాలకి సర్కారు చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ ఫ్రీయేనంట, ఆధార్, పాన్ ఉంటే చాలంట. అది ఉంటే పార్టీ ఎంత గడువు రాయించుకున్నా 45 రోజుల్లోపు ఇవ్వాల్సిందే, దాటితే వడ్డీ కూడా అడగొచ్చంట. చేయించుకున్నావా? టీడీఎస్ అని నీ బిల్లులో పన్ను కోసుకున్నవాళ్ళు నిజంగా కట్టారో లేదో ఇన్‌కంటాక్స్ సైట్లో నీ పాన్ మీద ఉండే పన్ను లెక్కలో చూసుకో. చూసుకోవు, నాకు తెలుసు.

రాత్రి రెండింటికి అమెరికా పార్టీతో మాట్లాడి పొద్దున పదకొండింటికి లేస్తే టిఫినెప్పుడు తింటావు? ఆర్టీసీ కార్గోలో కారప్పొడి, గోంగూర పచ్చడి, రెండు కేజీల బియ్యప్పిండి పంపిస్తున్నా, సీసా మూత గట్టిగా బిగించా, అయినా కవరు విప్పేటప్పుడు ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకోకు.

నీ బండి రెండో తాళం ఇక్కడే, దేవుడి గూటి పక్క మేకుకి ఉంది. బండి కొన్నవాడు రెండు తాళాలూ అడుగుతాడు కదా? అడిగుంటే చెప్పు, పార్సిల్ కట్టేలోపు దాన్లోనే వేస్తా. రేపు సాయంత్రం కడతాను.

అమ్మ