పలకరించని కోచ్

లీడ్స్,
ఆదివారం రాత్రి

ప్రియమిత్రమా,

నీ ఉత్తరం అంది పది రోజులు దాటింది. వెంటనే జవాబు రాయకపోవడానికి తీరిక లేకపోవడం ఒక్కటే కారణం కాదు, నువ్వు అడిగిన ప్రశ్నకు పైపైన జవాబు చెప్పడం నాకు ఇష్టం లేకపోయింది. జిల్లా జట్టు ఎంపికలో నువ్వు పక్కన పెట్టిన ఆ కుర్రవాడు ఆ రోజు నుంచి నీ ముఖం వంక చూడటం లేదనీ, పిల్లలతో అంత చనువుగా ఉండటమే నీ పొరపాటేమోనని అనిపిస్తోందనీ రాశావు. ఆ వెంటనే, నేను ఇన్నేళ్లుగా నీ దగ్గర పొగుడుతూ వచ్చిన ఫుట్‌బాల్ కోచ్ మార్సెలో బియెల్సా సంగతి ఎత్తి, "సొంత ఆటగాళ్లకు గుడ్ మార్నింగ్ కూడా చెప్పడట కదా, మరి లీడ్స్‌లో మీరందరూ చూసినదంతా వేషమేనా?" అని అడిగావు. వేషం కాదని నా గట్టి నమ్మకం. అయితే ఆ నమ్మకాన్ని నీ ముందు పెట్టాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి, ఓపిక పట్టు.

లోకం ఆయనను ముందుగా ఎరిగింది పిచ్చివాడిగానే. ఆయనకు స్పానిష్‌లో పడిన 'ఎల్ లోకో' అన్న పేరుకు అదే అర్థం. 1955లో అర్జెంటీనాలోని రొసారియోలో, న్యాయశాస్త్రంలో పేరు మోసిన తాతగారి కుటుంబంలో ఆయన పుట్టాడు. అన్న దేశ విదేశాంగ మంత్రి అయ్యాడు, చెల్లెలు ఆర్కిటెక్టుగా పేరు తెచ్చుకుని శాంటా ఫే రాష్ట్రానికి ఉప గవర్నరు అయింది. అటువంటి ఇంటి బిడ్డ న్యువెల్స్ ఓల్డ్ బాయ్స్ క్లబ్‌లో పిల్లలకు ఆట నేర్పే పనికి కుదిరి, దేశపటాన్ని 70 ముక్కలుగా విడదీసుకుని, ఒక చిన్న ఫియట్ కారులో ఊరూరా తిరుగుతూ ఆడే పిల్లలను వెతికాడు. ఒక రాత్రి, ఆ క్లబ్‌లో పిల్లల జట్లను చూసే హోర్హె గ్రిఫాతో కలిసి మర్ఫీ అనే పల్లెకు చేరేసరికి అర్ధరాత్రి దాటింది. ఆ వేళప్పుడే ఒక ఇంటి తలుపు తట్టి, మీ అబ్బాయిని చూడాలని అడిగారు. తల్లిదండ్రులు గదిలోకి తీసుకువెళ్లి, నిద్రపోతున్న పిల్లవాడి కాళ్లు చూపించారు. ఇవి ఫుట్‌బాల్ ఆడేవాడి కాళ్లేనని చెప్పి ఇద్దరూ తృప్తిగా వెళ్లిపోయారు. పిల్లవాడికి మెలకువ కూడా రాలేదు. ఆ పిల్లవాడే మారిసియో పొచెత్తీనో, తరవాత అర్జెంటీనా జట్టుకు ఆడి, ఆపైన తానే పెద్ద కోచ్ అయ్యాడు.

ఈ కథను చెప్పేవాళ్లందరూ పిచ్చికి ఉదాహరణగానే చెబుతారు. నాకు మాత్రం ఇందులో పిచ్చి కంటే, ఒక పల్లెటూరి పిల్లవాడు తన కంటికి దాటిపోకూడదన్న ఆరాటమే కనిపిస్తుంది. 1992లో, ఆయనే కోచ్‌గా ఉన్న న్యువెల్స్ జట్టు సొంత మైదానంలో 6-0 తేడాతో ఓడిన రాత్రి కోపంతో ఇంటి మీదికి వచ్చిన అభిమానుల ముందుకు ఆయన చేతిలో గ్రెనేడ్ పట్టుకుని వచ్చాడని చెప్పుకునే కథ వేరు, అది వింటే నాకు ఈ రోజుకీ భయమే వేస్తుంది. ఆ ఏడాదే ఆ జట్టు లీగ్ గెలిచింది, 2009లో ఆ క్లబ్ తన స్టేడియానికి ఆయన పేరే పెట్టుకుంది. 2004లో కోచ్‌గా అర్జెంటీనాకు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిపెట్టి, ఆ వెంటనే జాతీయ జట్టును వదిలేసి, కొన్ని పుస్తకాలు పట్టుకుని ఒక కాన్వెంటులో మూడు నెలలు ఏకాంతంగా గడిపాడు. 2016లో ఇటలీలోని లాజియో క్లబ్ కోచ్ పదవిని రెండు రోజుల్లోనే వదులుకున్నాడు. పత్రికల వారికి ఇంతకంటే ఏం కావాలి?

2018 జూన్‌లో ఆయన ఇక్కడి లీడ్స్ యునైటెడ్ క్లబ్‌కు కోచ్‌గా వచ్చేనాటికి నేను లీడ్స్‌లో చేరి ఏడాది కూడా కాలేదు. ఈ ఊరిలో నాకు ఆట గురించి మాట్లాడే మనిషి దొరికింది ఆయన పుణ్యమా అనే. లీడ్స్ యునైటెడ్ ఇంగ్లండ్‌లోని పై స్థాయి లీగ్ నుంచి దిగజారి అప్పటికి 14 ఏళ్లు. వచ్చిన కొత్తలోనే ఆయన తన సిబ్బందిని, మన అభిమాని ఒక్క మ్యాచ్ టికెట్ కొనాలంటే ఎంతసేపు పని చేయాలని అడిగాడట. సుమారు మూడు గంటలని తేలింది. అంతే, ఆటగాళ్లందరి చేత శిక్షణ మైదానం చుట్టుపక్కల మూడు గంటలపాటు చెత్త ఏరించాడు. మీరు తీసుకునే జీతం ఎవరి చెమటో ఒకసారి ఒంటికి తెలియాలన్నది ఆయన ఉద్దేశం. నువ్వు నీ ఉత్తరంలో ఎగతాళిగా ప్రస్తావించిన చెత్త సంగతి ఇదే.

ఇక ఆయన బతుకు. ఈ స్థాయి కోచ్‌లు తోటల మధ్య భవంతుల్లో ఉంటారు. ఆయన వెదర్బీ అనే చిన్న పట్టణంలో చిన్న ఫ్లాట్‌లో ఉన్నాడు. క్లబ్ ట్రాక్‌సూట్‌తోనే, వీపున సంచితో, థార్ప్ ఆర్చ్‌లోని శిక్షణ కేంద్రానికి ముప్పావు గంట నడిచి వెళ్లేవాడు. నీకు జవాబు రాయడానికి ముందు నిన్న పొద్దున నేను కూడా వెదర్బీ వెళ్లి ఆ దూరం నడిచాను. ఒక పక్కన వార్ఫ్ నది, తీసేసిన రైలు కట్ట మీద వేసిన కాలిబాట, పొలాల్లో గొర్రెలు, చల్లటి గాలి. కుక్కను తిప్పుతున్న ఒక పెద్దాయన ఎదురై, అడగకుండానే ఆగి గుడ్ మార్నింగ్ చెప్పాడు. ఆ మాట చెవిన పడగానే నీ ప్రశ్న గుర్తొచ్చింది.

విలేకరుల ముందు ఆయన కూర్చునే తీరు నువ్వు ఒకసారి చూడాలి. చూపు బల్ల మీద, మాట నెమ్మదిగా, ప్రతి ప్రశ్నకూ అనువాదకుడి సాయంతో బారెడు జవాబు. మ్యాచ్ జరుగుతుంటే బోర్లించిన బకెట్ మీద కూర్చునేవాడు, ఆ బకెట్ బొమ్మలు టీ షర్టుల మీదికి ఎక్కాయి. ఊరి గోడల మీద ఆయన చిత్రాలు వెలిశాయి, ఒక దానిలోనైతే ఏకంగా క్రీస్తులా చేతులు చాచి నిలబడి ఉంటాడు. నగరం నడిబొడ్డున ఒక వీధికి ఆయన పేరు పెట్టారు. పిచ్చివాడు పోయి మహాత్ముడు వచ్చాడన్నమాట. ఈ రెండో బొమ్మ కూడా మొదటిదాని లాగే మనిషిని సగమే చూపించిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమయింది.

నిజానికి ఆయనే ఆ బొమ్మను పగలగొట్టిన సందర్భం ఒకటుంది. 2019 జనవరిలో ప్రత్యర్థి క్లబ్ డర్బీ జట్టు శిక్షణను రహస్యంగా చూడటానికి మనిషిని పంపిన సంగతి బయటపడి పెద్ద గొడవ అయింది. పంపింది నేనేనని ఒప్పుకుని, అంతటితో ఆగకుండా విలేకరులను పిలిచి, ప్రతి ప్రత్యర్థి విషయంలోనూ ఇదే చేశానని తానే బయటపెట్టాడు. ఒక గంటకు పైగా తెర మీద తన విశ్లేషణలు చూపించాడు. డర్బీ అంతకుముందు సీజన్‌లో ఆడిన 51 మ్యాచ్‌లనూ చూసి రాసుకున్న లెక్కలవి. గూఢచారి వల్ల తనకు కొత్తగా తెలిసిందేమీ లేదనీ, పని తక్కువ చేశానన్న ఆందోళన తగ్గించుకోవడానికే పంపాననీ చెప్పుకొచ్చాడు. క్లబ్‌కు పడిన 2 లక్షల పౌండ్ల జరిమానాను తన జేబు నుంచే కట్టాడు. ఆయన చేసిన పని తప్పే, అందులో నాకు సందేహం లేదు. కానీ బయటి ముఖం ఒకటి, లోపలి ముఖం ఒకటి పెట్టుకునే మనిషి ఎవరూ అడగని తప్పులను తానే వరసపెట్టి చెప్పుకోడు.

అదే ఏడాది ఏప్రిల్ 28న ఆస్టన్ విల్లాతో మ్యాచ్ నేను టీవీలో చూశాను. విల్లా ఆటగాడు ఒకడు దెబ్బ తగిలి కింద పడి ఉండగా మన లీడ్స్ వాళ్లు ఆట ఆపకుండా గోల్ వేశారు. మైదానమంతా తోపులాట. అప్పుడు బియెల్సా గీత దగ్గర నిలబడి, వాళ్లను గోల్ వేసుకోనివ్వండని తన జట్టు మీద కేకలు వేశాడు. విల్లా ఆటగాడు బంతిని తీసుకుని నడిచినట్టే వెళ్లి గోల్ వేశాడు. మనవాళ్లలో ఒక డిఫెండర్‌కు అది మింగుడుపడక ఆపబోయాడు కూడా. మ్యాచ్ 1-1తో ముగిసింది, నేరుగా పై లీగ్‌కు వెళ్లే అవకాశం ఆ రోజుతో పూర్తిగా మూసుకుపోయింది. మరుసటి ఏడాది, 2020 జూలైలో, విజేతలుగానే పైకి వెళ్లారు.

ఇప్పుడు నువ్వు అడిగిన సంగతికి వస్తాను. 2023లో ఆయన ఉరుగ్వే జాతీయ జట్టు కోచ్ అయ్యాడు, కొద్ది నెలల్లోనే ఆ జట్టు బ్రెజిల్‌నూ అర్జెంటీనానూ 2-0తో ఓడించింది. మరుసటి ఏడాది కోపా అమెరికాలో మూడో స్థానం వచ్చింది. ఆ తరవాత 2024 అక్టోబరులో, అప్పుడే జాతీయ జట్టు నుంచి తప్పుకున్న లూయిస్ సువారెస్ నోరు విప్పాడు. ఆటగాళ్లు జట్టుగా వెళ్లి, కనీసం పొద్దున ఎదురైనప్పుడు పలకరించమని కోచ్‌ను అడగవలసి వచ్చిందనీ, అక్కడి సిబ్బంది కూడా ఆటగాళ్లతో కలవకుండా కట్టడి ఉందనీ, జట్టు రెండుగా చీలుతోందనీ అన్నాడు. సువారెస్ అల్లాటప్పా మనిషి కాదు, ఆ దేశం తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ వేసినవాడు. ఆ మాటలతో తన అధికారం దెబ్బతిన్నదని బియెల్సా కూడా ఒప్పుకున్నాడు.

నువ్వు దీన్ని ముసుగు జారిపోవడంగా చూశావు. నేను చాలా రోజులు ఆలోచించి మరోలా తేల్చుకున్నాను. టికెట్ కొనే కార్మికుడి మీద, ఎదురుగా నిలిచిన ప్రత్యర్థి మీద, పల్లెలో నిద్రపోతున్న పిల్లవాడి మీద ఆయనకు అంత ఆర్ద్రత ఎందుకు పొంగుతుందంటే, వాళ్లలో ఎవరినీ శనివారం ఉదయం జట్టులోంచి తీసేయవలసిన పని ఆయనకు లేదు కనుక. తాను తీసేయవలసినవారి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆయన తలుపు మూసుకుంటాడు. ఇష్టం పెరిగితే ఎంపికలో చేయి వణుకుతుందన్న భయమో, ఎవరితోనూ చనువు లేకపోతే ఎవరికీ అన్యాయం జరగదన్న నమ్మకమో, రెండూ కలిసో. లోపల ఆపేక్ష లేక మాత్రం కాదు. 2020లో లీడ్స్ ఆటగాడు కల్విన్ ఫిలిప్స్ ఇంగ్లండ్ జట్టుకు మొదటిసారి ఆడినప్పుడు, తాను యువకుడిగా న్యువెల్స్‌కు ఆడిన నాటి చొక్కాను, ఒక చీటీ జతపరిచి అతనికి కానుకగా ఇచ్చాడు. ఎన్నో ఏళ్లు ఇంట్లో దాచుకున్న చొక్కా అది. నోటితో చెప్పలేని మాటను వస్తువు చేత చెప్పించే మనుషులు మన ఇళ్లలో ఎందరు లేరు!

మన బడిలో డ్రిల్లు మాస్టారు గుర్తున్నారా? తొమ్మిదో తరగతిలో నేను కంకర మీద పడి మోచేయి విరగ్గొట్టుకున్న రోజున, ఆయనే నన్ను తన సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలూ ఇంకో చేత్తో నా భుజమూ పట్టుకుని మూడు మైళ్లు తొక్కి ఆసుపత్రికి చేర్చారు. దారి పొడుగునా ఆయన చొక్కా తడిసి నా వీపుకు అంటుకుంటూనే ఉంది. కట్టు విప్పి నెల తిరిగాక, జోనల్ ఆటలకు వెళ్లే జట్టు కాగితం బోర్డు మీద అంటించారు. అందులో నా పేరు లేదు. ఆయన వరండాలో నా పక్కనుంచే నడిచి వెళ్లారు, తల తిప్పలేదు. చేయి పూర్తిగా కుదరలేదు కనుకనే తీసేశారని నాకు ఈ రోజు తెలుసు, ఆయన నిర్ణయం సరైనదే. అయినా ఆ వరండా తలుచుకుంటే ఇప్పటికీ గొంతు పట్టుకుంటుంది. సైకిలు మీది మాస్టారూ వరండాలోని మాస్టారూ ఒక్కరేనని ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అందుకే బియెల్సాను నేను వేషధారి అనను, సువారెస్‌ను కృతఘ్నుడు అని కూడా అనను. ఆయన ఇచ్చినది నిజం, ఇవ్వనిదీ నిజం. లీడ్స్‌లో కుర్రవాళ్లు ఆ దూరాన్ని భరించారు, ఎందుకంటే ఆయన వాళ్లను ఎవరూ ఊహించని ఎత్తుకు తీసుకువెళ్లాడు. దేశం కోసం పదిహేనేళ్లు పైగా ఆడినవాడు దానిని భరించలేకపోయాడంటే అందులో వింత లేదు. 2022 ఫిబ్రవరిలో, ఆ ఒక్క నెలలో ఐదు మ్యాచ్‌లలో 20 గోల్స్ ఇచ్చుకున్న తరవాత క్లబ్ ఆయనను తప్పించింది. ఆ ఆదివారం శిక్షణ మైదానం గేటు దగ్గరికి పెద్దవాళ్లు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లారు, నాతో పని చేసే ఒకాయన ఆ మరుసటి రోజు ఆ సంగతి చెబుతూ మాట మధ్యలో ఆగిపోయాడు. జట్టు మునుగుతున్నా ఆయన ఆట తీరు మార్చుకోలేదు, అది కూడా ఆ మొండితనంలో భాగమే. ఆ విషయంలో క్లబ్‌ను తప్పు పట్టాలని నాకు అనిపించదు.

ఆ కుర్రవాడిని తిరిగి జట్టులోకి తీసుకోమని నేను చెప్పడం లేదు, నీ ఎంపిక మీద నాకు నమ్మకం ఉంది. చనువు తగ్గించుకోమని కూడా చెప్పను, ఆ చనువు లేకపోతే ఆ పిల్లల్లో సగం మంది మైదానానికే వచ్చేవారు కారని నువ్వే ఇదివరకు రాశావు. నేను తెలుసుకోవాలనుకుంటున్నది ఒక్కటే. తన పేరు లేదన్న సంగతి వాడికి తెలిసింది నీ నోటి నుంచా, గోడ మీది కాగితం నుంచా? నీ నాలుగు పేజీల ఉత్తరంలో ఆ ఒక్క సంగతి లేదు, అన్నిటికంటే ముందు అది రాయి.

అమ్మగారికి నా నమస్కారాలు, చెల్లెమ్మనూ పిల్లలనూ అడిగానని చెప్పు.

నీ స్నేహితుడు